అరిగితేనే మెరుపు

పలాసలో పొద్దు ముందు వాసనై వస్తుంది, వెలుగు తరవాతి సంగతి. కాశీబుగ్గ సందుల్లో బాయిలర్లు వేడెక్కి, జీడిపిక్కలు ఉడికి, ఆ ఘాటు కిటికీ ఊచల్లోంచి దూరిందంటే తెల్లారబోతోందని గుర్తు. ఆ వేళకి నేను పెరటి గట్టు మీద స్టీలు గిన్నె పెడతాను. గోరువెచ్చటి నీళ్లు పోసి, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేస్తాను. అందులో నిన్ను ముంచుతాను, చిట్టి బండీ. బొడ్డూడని పిల్లకి నీళ్లు పోసినట్టు ఒక చేత్తో పట్టుకుని, పాత పళ్లబ్రష్షుతో నీ మూలమూలా రుద్దుతాను.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంది.

“ఏట్రా, నలభయ్యేళ్లొచ్చి బొమ్మకి తలంటుతన్నావా?”

“జిడ్డు పోవాలమ్మా. పోకపోతే రంగు అంటుకోదు.”

“అలాగయితే కుంకుడుకాయ రుద్దు.”

నవ్వి లోపలికి పోతుంది. నేను కడుగుతూనే ఉంటాను. ఉక్కు అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్‌ని బలంగా ఎక్కించి నిన్ను చేశారు. అచ్చు సులువుగా వదలడానికి రాసిన జిడ్డు పుట్టు మచ్చలా నీ ఒంటి మీద ఉండిపోయింది. దాని పైన దుకాణాల్లో, జాతరలో, సంచుల్లో నిన్ను పట్టుకున్న వేళ్ల చెమట. ఇవన్నీ కడిగితే గాని నువ్వు నువ్వుగా బయటపడవు. రంగు వెయ్యడం అంటే పూయడం అనుకుంటారు అందరూ. మొదటి పాఠమే తిరగబడింది చూడు. ముందు తియ్యాలి.

*

నువ్వు పేరున్న బండివే. అంబాసిడర్‌వి. కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1950ల చివర నుంచి 2014 దాకా పుట్టిన వంశం నీది. కలెక్టరుగారు దిగిన బండి. పెళ్లికూతురు ఏడ్చుకుంటూ ఎక్కిన బండి. పలాస స్టేషను బయట రాత్రి పాసింజరు కోసం కళ్లు మూసుకుని కాచుకున్న బండి. నిద్రపట్టని రోగిని వెనక సీటులో పడుకోబెట్టుకుని శ్రీకాకుళం, ఆపైన విశాఖ పరిగెత్తిన బండి. నిజం అంబాసిడర్ పొడవు నాలుగు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల దరిదాపు. దాన్ని 24 వంతులు చేసి ఒక వంతు తీసుకుంటే 18 సెంటీమీటర్లు. జానెడుకి కాస్త తక్కువ. నువ్వు ఆ జానెడువి. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో, రంగురాట్నం పక్కన, బూరల కట్టకీ గాజుల పెట్టెకీ మధ్య నాకు దొరికావు. నీ తెలుపు తెలుపు కాదు, పాలిపోయిన ప్లాస్టిక్. నీ బంపరు వెండి కాదు, గోటికి ఊడిపోయే పూత. అయినా నీ ముక్కు వంపు చూశాను. గుండ్రటి దీపాల మీద ఆ కనురెప్పలాంటి రేకు చూశాను. ఎవరో మనసుపెట్టి చెక్కిన అచ్చులోంచి వచ్చావని తెలిసిపోయింది.

నీకంటే ముందు నాకు ఇంకొక బండి ఉండేది. పలాస చుట్టూ ఉన్న మా ఉద్దానంలో పుట్టిన ప్రతి పిల్లవాడికీ ఎండాకాలంలో ఉండేదే. ముంజెలు తినేశాక మిగిలిన తాటికాయలు రెండు, వాటి మధ్య కర్ర ఇరుసు, తొయ్యడానికి కొనలో పంగ ఉన్న పొడుగు కర్ర. ఇసకలో అది వేసిన చాళ్లు కవిటి కొబ్బరితోటల్లోంచి సముద్రం దాకా పోయేవి. దానికి కూడా రంగు వేసేవాళ్లం. పొయ్యిలో బొగ్గుతో టైరు గీతలు, పసుపూ సున్నం కలిపిన ఎరుపుతో దీపాలు. మూడు రోజులకి కాయ ఎండి ముడుచుకుపోయేది, రంగు రాలిపోయేది, ఇంకో కాయ దొరికేది. ఆ బండికీ నీకూ ఉన్న చుట్టరికం ఎవరూ రాసి పెట్టలేదు. నా వేళ్లకి మాత్రం తెలుసు.

ముంజెకాయ బండికి దండం. జానెడు బండికి దండం. ఎక్కడికీ తీసుకెళ్లకుండానే ఎక్కడెక్కడికో తీసుకెళ్లే చక్రాలకి దండం.

*

నీ పనిలో నాకు ముగ్గురు గురువులు. మొదటి గురువు పలాస.

పలాస అంటే లోకానికి జీడిపప్పు. తెల్లగా, వంకీ తిరిగి, పాయసంలో తేలే పప్పు. మాకు మాత్రం అది చేతుల పని. పిక్కని ఉడకబెట్టి ఆరబెడతారు. కొట్టి పప్పు తీస్తారు. బోర్మా అనే వేడి గదిలో ఎండబెడతారు. అప్పుడు మొదలవుతుంది పొట్టు తియ్యడం. పప్పుని అంటుకున్న ఆ పల్చటి ఎర్ర పొరని గోటితో, చిన్న కత్తి మొనతో పప్పుకి గాటు పడకుండా తియ్యాలి. ఒత్తిడి ఒక పిసరు ఎక్కువైతే గుండు కాస్తా బద్ద అవుతుంది. ఇంకో పిసరు ఎక్కువైతే నూక. గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర, నూకకి ఒక ధర. వేలి కొనలో ఎంత బలం ఉండాలో పలాస ఆడవాళ్లకి తక్కెడ చెబుతుంది.

నీ ముక్కల్ని అతుకుల దగ్గర కోసి విడదీసేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ చేతులే. తొందరపడి విరిస్తే ప్లాస్టిక్ తెల్లబడి పగులుతుంది. కాస్త ఎడంగా కోసి, మిగిలిన బొడిపెని కొంచెం కొంచెంగా చెక్కాలి. అచ్చు రెండు చెక్కలు కలిసిన చోట నీ ఒంటి పొడవునా వెంట్రుకంత గీత లేచి ఉంటుంది. దూరం నుంచి కనబడదు. రంగు వేశాక మాత్రం అదొక్కటే కనబడుతుంది. దాన్ని తియ్యడం కూడా పొట్టు తియ్యడమే.

ఇంకో విచిత్రం చెప్తాను విను. పలాస పప్పు మూట మీద అంకెలుంటాయి. 180, 210, 240, 320. పౌనుకి ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. నా బల్ల మీద ఉప్పుకాగితాల వెనకా అంకెలుంటాయి. 180, 240, 320, ఆపైన 400, 600, 1000, 2000. అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నది. చిన్నప్పుడు మూటల మీద లెక్క నేర్చుకున్నవాణ్ణి, హార్డ్‌వేర్ షాపులో ఉప్పుకాగితం అడిగినప్పుడు ఎవరూ నాకు వివరించక్కర్లేకపోయింది.

పిక్క తొక్కలో నూనె ఉంటుంది. నల్లటి, జిగట, ఒంటికి తగిలితే కాల్చే నూనె. అమ్మ ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టింది. చేతులకి ఏం రాసుకున్నా ఆ నూనె లోపలికి దిగేది. ఇప్పుడు రేషను షాపులో మిషను మీద అమ్మ వేలు నాలుగుసార్లు పెట్టినా పడదు. గీతలుంటే కదా పడ్డానికి. “నా ముద్ర జీడిపిక్క తినేసిందిరా” అంటుంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆ నూనే రంగుల్లోకి వెళ్తుంది, వార్నిష్‌లలోకి వెళ్తుంది. నిజం బండ్ల బ్రేకు లైనింగుల్లో రాపిడికి నిలిచే పొడిగా మారి కూర్చుంటుంది. రోడ్డు మీద ఎవరో బ్రేకు తొక్కి ఎవరి ప్రాణమో నిలబెట్టినప్పుడు, ఆ ఆగడంలో పిక్కలు కొట్టిన చేతులకి కూడా ఒక వాటా ఉంది. జపాన్‌లో ఆ నూనెతోనే చెట్టు లక్కకి బదులు ఒక రంగు చేశారు. దాని పేరు కూడా ‘కాషూ’యే. లక్కపూత పనివాళ్లకి పేరుపడ్డ షిజువోకా ఊళ్లోనే 1946లో కలప కోత మిల్లుగా మొదలైన తమియా కంపెనీ, చెక్క బొమ్మలు దాటి, 1960లో యమాటో ఓడ బొమ్మతో ప్లాస్టిక్ కిట్లలోకి అడుగుపెట్టింది. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ ఎవరు కారు కిట్టు పెట్టె విప్పినా ఆ ఊరి పేరు చదివే అవకాశం ఎక్కువ. అక్కడి కలప, ఇక్కడి పిక్క, మధ్యలో సముద్రం. బొమ్మల దారి చాలా పొడుగు.

*

రెండో గురువు ఉద్దానం తీరం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వలలు ఒడ్డున, బోట్లు ఒడ్డున. భావనపాడులోనూ బారువలోనూ ఆ రోజుల్లో నడిస్తే ఇసక మీద రంగు డబ్బాలు కనిపిస్తాయి. ఉప్పు తిన్న చోట గీకుతారు. పగిలిన చోట పూడుస్తారు. ఎండలో ఆరనిస్తారు. అప్పుడు నీలం, పసుపు, ఎరుపు. సముద్రం మీద దూరం నుంచి కూడా మనవాళ్ల బోటు ఇదేనని పోల్చుకునేలా ఉండాలి ఆ రంగులు. అందం కోసమే అనుకుంటే పొరపాటు. ఉప్పునీటికీ బోటుకీ మధ్య నిలబడే చర్మం అది. ఒక ముసలి తాత నాకు ఒక మాట చెప్పాడు.

“రంగు మందంగా ఎయ్యకు బాబూ. మందంగా ఏస్తే పైన ఆరినట్టుంటాది, లోపల ఏడుత్తుంటాది.”

ఆ మాట నీ విషయంలో ఇంకా నిజం. నిజం కారు మీద రంగు పొరలన్నీ కలిపి 100 నుంచి 120 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్నీ 24తో భాగిస్తే నీ ఒంటి మీద ఉండాల్సిన రంగు అయిదు మైక్రాన్లకి మించకూడదు. మనిషి వెంట్రుక మందం అంతకు పదింతల పైన. అయిదు మైక్రాన్లు నా చేతికి సాధ్యం కాదు. అందరూ అంతే. కాని ఆ అసాధ్యం వైపు మొహం పెట్టి నడవడమే ఈ పని. లావుపాటి రంగు నీ తలుపు సందుల్ని పూడ్చేస్తుంది. తలుపు గొళ్లాన్ని ముద్ద చేస్తుంది. జానెడు బండిని బొమ్మ చేస్తుంది. పల్చటి రంగు నిన్ను బండి చేస్తుంది.

అందుకే పొర మీద పొర. మొదటిది బూడిదరంగు ప్రైమరు. అది అబద్ధం చెప్పదు. నేను తీసేశాననుకున్న గీతనీ, లప్పం పెట్టి మరిచిపోయిన గుంటనీ, వేలికి తెలియని వంకరనీ అన్నీ చూపిస్తుంది. దాన్ని చూసి సిగ్గుపడి మళ్లీ వాటర్ పేపరు పట్టుకుంటాను. ఆ తరవాత రంగు. స్ప్రే డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, బాగా కుదిపి, జానెడు దూరంలో పట్టుకుని, నీ ఒంటికి బయట మొదలుపెట్టి, నీ మీదుగా దాటించి, నీ ఒంటికి బయటే ఆపాలి. నీ మీద మొదలుపెడితే చుక్కలు పడతాయి. నీ మీద ఆపితే కారుతుంది. మొదటి పొర మంచు పట్టినట్టు. రెండోది ఇంకాస్త. మూడోది తడిగా, నిండుగా. చేయి ఆగకూడదు. ఊపిరి మాత్రం ఆగాలి, ఎలాగూ ముక్కుకి మాస్కు ఉంటుంది.

మన మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ కారు రంగుని డ్యూకో అంటారు. వంద ఏళ్ల కిందట అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకి ఆ రంగుని నీలంలో వేసినప్పుడు, వారాల తరబడి ఆరే వార్నిష్‌ల రోజులు ముగిశాయి. కంపెనీ పేరు మరిచిపోయి, దేశం మరిచిపోయి, ఆ మాట మాత్రం టెక్కలి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో గ్రీజు చేతుల మధ్య బతికే ఉంది.

ఉద్దానం గాలి రంగుకి శత్రువు. అదే గురువు కూడా. గాలిలో తేమ ఎక్కువున్న పూట లాకర్ రంగు వేశానంటే, థిన్నరు ఆవిరవుతూ నీ ఒంటిని చల్లబరుస్తుంది, ఆ చల్లదనం మీద గాలిలోని తేమ వాలుతుంది, నిగనిగలాడాల్సిన రంగు మజ్జిగ పోసినట్టు తెల్లబారుతుంది. ఒకసారి ఆశ్వయుజంలో అలా తెల్లబారిన బండిని చూసి ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఆకాశం చూడకుండా డబ్బా మూత తియ్యను. ఉత్తరాన మహేంద్రగిరి మసగ్గా ఉంటే ఆ రోజు ఉప్పుకాగితం పని. కొండ గీత తేటగా కనబడితే, సంక్రాంతి దాటిన రోజుల్లో మంచు విడిపోయాక, పది గంటల ఎండలో, అది రంగు పూట. రైతుకి పంచాంగం ఉన్నట్టే నాకూ ఒకటుంది. కాకపోతే అందులో పంట ఒక్కటే, అదీ జానెడు.

బ్రష్షు కడిగిన థిన్నరుని సీసాలో పోసి మూత బిగిస్తాను. నేల మీద పొయ్యను. కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరిగిన ఊళ్లు ఇవి. పలాసలో ఆ జబ్బు కోసమే 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాల్లో తాగునీరు తెచ్చుకున్నాం. ఇక్కడ నీళ్లంటే జాగ్రత్త ఒక మర్యాద. నా సరదా ఎవరి బావిలోకీ దిగకూడదు.

*

రంగు వేశాక ఏ పనీ ఉండదు. అదే అన్నిటికంటే కష్టమైన పని.

ఆరిందో లేదో తెలుసుకోడానికి వేలు పెట్టకూడదు. ముక్కు పెట్టాలి. వాసన వస్తోందంటే లోపల ఇంకా ఆవిరవుతోందని అర్థం. నిన్ను అట్టపెట్టె కింద బోర్లించి, దుమ్ము పడకుండా కప్పి, నేను ఊరి మీద పడతాను.

ఒక్కోసారి తేలినీలాపురం పోతాను. టెక్కలి పక్కనే. వానాకాలం చివర్లో వచ్చి, చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోయే పక్షుల ఊరు. గూడబాతుల పక్కనే ఒక కొంగ ఉంటుంది. ఇంగ్లీషువాడు దానికి ‘రంగేసిన కొంగ’ అని పేరు పెట్టాడు. తెల్లటి ఒళ్లు, రెక్కల మీద నలుపు చారలు, తోక దగ్గర మాత్రం ఎవరో బ్రష్షు దులిపినట్టు గులాబీ. ఆ గులాబీ అంత వెలగడానికి కింద ఉన్న తెలుపే కారణమనిపిస్తుంది నాకు. నా బల్ల మీద పాఠం అదే. పసుపైనా ఎరుపైనా కింద తెలుపు వేస్తే పాడుతుంది, బూడిద వేస్తే గొణుగుతుంది. పైన ఏముందన్నది అందరూ చూస్తారు. కింద ఏముందన్నది వేసినవాడికే తెలుసు.

ఎదురు చూడటం గురించి ఉద్దానానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరి, తండ్రులు నాటిన జీడి, ఒక్క రాత్రిలో వేళ్లు పైకి. మర్నాడు ఊళ్లు దూరం నుంచే కనబడ్డాయి. అడ్డం లేదు కనక. అంతకు ముందు ఆ ఊళ్లు కనబడేవి కావు, పచ్చదనమే కనబడేది. ఆ మోళ్ల పక్కనే మళ్లీ మొక్కలు పాతారు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఏళ్లు కావాలి. ఆ చేతుల ముందు నా రెండు రోజుల ఎదురుచూపు ఏ పాటిది? సిగ్గుపడి, నిన్ను ఇంకో రోజు ఆరనిస్తాను.

*

మూడో గురువు టెక్కలి.

టెక్కలి చుట్టూ కొండల్లో నీలి గ్రానైటు ఉంది. క్వారీలో దిమ్మగా ఉన్నప్పుడు ఆ రాయిని చూస్తే ఎవరూ నీలం అనరు. బూడిద పూసుకున్న ఏనుగులా ఉంటుంది. రంపాల కింద పలకలవుతుంది. అప్పుడు నీళ్లు పోస్తూ గరుకు రాతితో అరగదీస్తారు. ఆ తరవాత అంతకంటే నున్నటి దానితో, ఆ తరవాత ఇంకా నున్నటి దానితో. గరుకు రాయి పెద్ద గీతలు పోగొట్టి చిన్న గీతలు పెడుతుంది. తరవాతి రాయి ఆ చిన్న గీతలు పోగొట్టి ఇంకా చిన్నవి పెడుతుంది. ఒక దశలో గీతలు ఎంత సన్నబడతాయంటే వెలుగుకి అవి తగలవు. వెలుగు చెదరకుండా ఒకే దారిన తిరిగి వెళ్తుంది. అదే మెరుపు. ఆ పలక మీద ఎవరూ ఏదీ పూయలేదు. నీలం రాతిలోనే ఉంది. అద్దం కూడా రాతిలోనే ఉంది. పైనున్న గరుకే అడ్డం.

ఆ నీలాన్ని చూసే నీకు రంగు కలిపాను, చిట్టి బండీ. నలుపులో నీలం, నీలంలో చిటికెడు వెండి పొడి. వెండి రేణువు కూడా సన్నగా ఉండాలి, లేకపోతే నీ ఒంటి మీద పిడికెడు గులకరాళ్లలా కనబడుతుంది. దాని పైన రంగులేని క్లియర్ కోటు. అది ఆరాక చూస్తే నారింజ తొక్కలా సన్నటి గుంటలు. చాలామంది ఇక్కడ ఆపేస్తారు, బాగానే ఉంది కదా అని. టెక్కలి చూసినవాడు ఆపడు. 2000 అంకె వాటర్ పేపరుని సబ్బు నీళ్లలో నానబెట్టి, మెరుస్తున్న నిన్ను మెరుపు పోయేదాకా రుద్దుతాను. చేసిందంతా చేత్తో చెడగొట్టుకున్నట్టు నువ్వు మసకబారతావు. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా గుండె గుబుక్కుమంటుంది. ఆపైన 3000. ఆపైన మెత్తటి బట్ట మీద పాలిషు, గుండ్రంగా, మెల్లగా, అంచుల దగ్గర ప్రాణం ఉగ్గబట్టుకుని. అంచుల్లో పొర పల్చన, ఒక్క రుద్దు ఎక్కువైతే ప్రైమరు బయటపడుతుంది. అలా రుద్దుతూ రుద్దుతూ ఉండగా, ఏ రుద్దులో అన్నది ఎప్పటికీ తెలియకుండా, నీ పైకప్పు మీద మా కిటికీ కనబడుతుంది. కిటికీ ఊచలు కనబడతాయి. ఊచల మధ్య కొబ్బరి మట్ట ఊగడం కనబడుతుంది.

నీకు దూరపు చుట్టాలున్నారు. విశాఖ దాటాక వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్కబిళ్ల ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగై అంటుకుంటుంది. ఆఖర్న మొగలి ఆకుతో ఒత్తి తుడిస్తే బొమ్మకి నిగారింపు వస్తుంది. 2025 గణతంత్ర దినాన ఢిల్లీ కర్తవ్యపథ్ మీద మన రాష్ట్రం శకటమై ఊరేగినవి ఆ బొమ్మలే. ఉద్దానం గట్ల మీద మొగలి పొదలకి లోటు లేదు. పూలు అత్తరుకి పోతాయి, ఆకులు ముళ్లతో మిగులుతాయి. నేనూ ఒకసారి ముళ్లు గీసి పారేసి ఆ ఆకుతో నిన్ను తుడిచి చూశాను. నీ ప్లాస్టిక్‌కి అది పనికిరాలేదు. చుట్టరికం కలపాలని చూశాను, అంతే.

*

ఇక చిన్న పనులు. చిన్నవే గాని వాటితోనే నువ్వు నమ్మదగ్గ బండివవుతావు. టైర్లు నల్లగా మెరవకూడదు, దుమ్ము తిన్న బూడిద నలుపుగా ఉండాలి. తలుపు సందుల్లో పల్చటి ముదురు రంగు పారించి పైన తుడిచెయ్యాలి, అప్పుడు తలుపు నిజంగా తెరుచుకునేలా కనబడుతుంది. కిటికీ అంచులకి వెండి రేకుని అంటించి, అగ్గిపుల్లతో నొక్కి, బ్లేడుతో కొయ్యాలి. నంబరు ప్లేటు మీద అక్షరం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని మీద రెండే వెంట్రుకలున్న బ్రష్షుతో రాశాను. ఏపీ 30. మా జిల్లా పాత నంబరు. చక్రాలకి కాస్త ఎర్రమట్టి రంగు దులిపాను. ఉద్దానం దారుల్లో తిరిగిన బండి మరీ కడిగిన ముత్యంలా ఉంటే ఎవరు నమ్ముతారు?

“ఇంత కష్టపడి ఏటి లాభం? ఎక్కడానికా, దిగడానికా?” అని అడుగుతారు ఇంటికొచ్చినవాళ్లు. అడగాలి. జవాబు నా దగ్గర పెద్దగా లేదు. నిన్ను అమ్మను. నిన్ను నడపలేను. కాని రోజంతా ఎవరి తొందరకో పరిగెత్తిన చేతులు, రాత్రి పూట ఒక జానెడు మేర ఏ తొందరా లేకుండా ఉంటాయి. లోకంలో నా వల్ల నునుపైన చోటు ఇంతే. ఇంతైనా ఉంది.

రంగు వేసిన రెండో రోజు జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. నేను సంతకి పోయి వచ్చేసరికి అట్టపెట్టె పక్కకి జరిగి ఉంది. అమ్మ తప్పు చేసిన పిల్లలా నిలబడింది.

“ఆరిపోనాదేమో అనుకున్నాన్రా. నీలంగా అంత బాగుంటే తడిమి సూసినాను.”

పైకప్పు మీద, ఎడమ పక్కన, ఒక ముద్ర. బొటనవేలంత. తడి రంగు మీద వేలు పడితే సుడులు తిరిగిన గీతలు పడతాయి, ఎన్నోసార్లు నావే పడ్డాయి, తిట్టుకుంటూ తీసేశాను. ఇందులో ఒక్క గీత లేదు. నున్నగా, పొట్టు తీసిన పప్పులా, రంగులో చిన్న పల్లం. ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టిన వేలు అది. అరిగి అరిగి నునుపైన వేలు.

మెరుపు కోసం నేను ఇన్నాళ్లూ అరగదీసింది ప్లాస్టిక్‌ని. నా చదువు కోసం, మా ఇంటి పప్పూ ఉప్పూ కోసం అరిగిపోయింది ఇంకొకటి.

క్లియర్ కోటు వేశాను. 2000 రుద్దాను, 3000 రుద్దాను, పాలిషు పట్టాను. ఆ ఒక్క చోట తప్ప. ఇప్పుడు బండి మా గూట్లో ఉంది. వెలుగు పడితే ఒళ్లంతా అద్దంలా మెరుస్తుంది, ఎడమ పక్క పైకప్పు మీద మాత్రం కిటికీ కాస్త వంకరగా కనబడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా బొమ్మ కార్లు కడుగుతూ, రంగులు పూస్తూ, అట్టపెట్టెలు బోర్లిస్తూ కూర్చుంటే పనీపాటా లేనివాళ్లనుకోకండి. పెట్టె ఎత్తి చూడకండి, ఆరేదాకా ముట్టుకోకండి. ఆ పని చేసేవాళ్లకి కూడా ఒక మాట. ఎవరైనా ముట్టుకుంటే, ఉప్పుకాగితం తీసే ముందు ఆ వేలు ఎవరిదో ఒకసారి చూసుకోండి.